మీ శ్రీమతి చేతిలోని గరిటె గురించి

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. వనస్థలిపురంలో ఉంటూ అమీర్‌పేటలోని ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. చిన్నప్పుడు నోటు పుస్తకాల వెనక పేజీల్లో బొమ్మలు వేసే అలవాటు ఉండేది. మూడేళ్ల కిందట మళ్ళీ మొదలుపెట్టి ఇప్పటికి రెండు వందలకు పైగా కార్టూన్లు గీశాను. దాదాపు అన్నీ ఇంటి మీదే. ఆర్టీసీలో రిటైరైన నాన్న, సీరియళ్లు వదలని అమ్మ, బ్యాంకులో ఉద్యోగం చేసే నా భార్య, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, వీళ్లే నా పాత్రలు. వీళ్లకు సినిమా, క్రికెట్, టీవీ కలిపి గీస్తుంటాను. అమ్మానాన్నలది నల్లగొండ జిల్లా, నా భార్యది విజయవాడ. రైతు బజారు నుంచి మునక్కాడల సంచితో వస్తున్న నాన్నను స్లో మోషన్‌లో హీరో ఎంట్రీ లాగా గీస్తే మా అపార్ట్‌మెంట్ అంతా మెచ్చుకున్నారు. గత నెలలో మా అమ్మాయి యూనిట్ టెస్టు మార్కుల మీద ఒక కార్టూన్ వేసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో 25కి 9 వచ్చిన పేపరును అమ్మాయి హీరో పోస్టర్ వెనక దాస్తూ ఉంటుంది. తన క్లాసు పిల్లలు ఇద్దరు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. ‘నన్ను మళ్ళీ గీయొద్దు నాన్నా’ అని నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ గొడవ మధ్యలోనే నా భార్య, ‘మీ బొమ్మల్లో నా చేతిలో ఎప్పుడూ గరిటే ఎందుకుంటుంది?’ అని అడిగింది. ఇంట్లోవాళ్లను వదిలేస్తే గీయడానికి నా దగ్గర ఏం మిగులుతుంది? సినిమా నటుల ముఖాలు గీస్తే చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా? పత్రికలకు పంపే స్థాయి నాకు ఉందా? పన్నెండు కార్టూన్లు జతచేశాను. — వనస్థలిపురం పాఠకుడు

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ వస్తాను గానీ, వాటికన్నా ముందు మీ శ్రీమతి అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పాలి. ఈ మూడేళ్లలో మీ కార్టూన్లను ఆమెకన్నా శ్రద్ధగా చూసిన విమర్శకులు ఇంకొకరు ఉండి ఉండరు.

మీరు పంపిన పన్నెండింటినీ బల్ల మీద పరచుకుని లెక్క చూశాను. ఏడింటిలో ఆమె ఉన్నారు. ఆరింటిలో చేతిలో గరిటె ఉంది, ఏడో దానిలో అప్పడాల కర్ర ఉంది. ఆమె బ్యాంకు ఉద్యోగి అన్న సంగతి నాకు మీ ఉత్తరం వల్ల తెలిసిందే తప్ప కార్టూన్ల వల్ల తెలియలేదు. మెడలో గుర్తింపు కార్డు గానీ, భుజాన బ్యాగు గానీ, సాయంత్రం తిరిగి వచ్చిన లంచ్ బాక్సు గానీ ఒక్క బొమ్మలోనూ కనిపించలేదు. మరి ఆ గరిటె ఎక్కడి నుంచి వచ్చింది? మీ వంటింట్లో నుంచి మాత్రం కాదు. మీరూ నేనూ చిన్నతనంలో వారపత్రికలు తిరగేస్తూ చూసిన కార్టూన్లలో నుంచి వచ్చింది. పడక కుర్చీలో పేపరు చదివే భర్త, గుమ్మంలో అప్పడాల కర్రతో భార్య, సంక్రాంతికి వచ్చి కదలని అల్లుడు, కోడలిని సాధించే లావుపాటి అత్తగారు, ఇవన్నీ ఏదో ఒకనాడు ఎవరో కళ్లతో చూసి గీసినవే. వాటిని చూసి మరొకరు, ఆ మరొకరిని చూసి ఇంకొకరు గీస్తూ పోవడం వల్ల చివరికి అవి ఎవరి ఇంట్లోనూ లేని మనుషులుగా మిగిలిపోయాయి. మీరు మీ ఇంటిని గీస్తున్నానని అనుకుంటున్నారు. మీ శ్రీమతి విషయంలో మాత్రం ఇన్నాళ్లుగా పాత పత్రికలను గీస్తున్నారు.

కాబట్టి ఇంట్లోవాళ్లను వదిలేస్తే ఏం మిగులుతుందన్న మీ భయాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీరు ఇంకా వాళ్ల దగ్గరికే సరిగా వెళ్లలేదని నా అభిప్రాయం. ఒక వారం రోజుల పాటు జోకు అన్న ఆలోచనే పెట్టుకోకుండా, ఇంట్లో ఒక్కొక్కరి చేతులను మాత్రం గీసి చూడండి. మీ శ్రీమతి తాళం తీసే చేయి, మీ నాన్నగారు మందుల డబ్బాలో వారాల గడులు వెతికే చేయి, మీ అమ్మగారు ప్రకటనలు రాగానే రిమోట్ మీద వాలే చేయి. ముఖం చాలా వరకు అందరికీ తెలిసిన భావాలే చూపిస్తుంది కానీ చేతులకు అలా కుదరదు.

నేను కార్టూన్లు మొదలుపెట్టిన కొత్తలో నాకు దారి చూపించినది ఒక ఆకుకూర కట్ట. మా అమ్మ గోంగూర ఒలిచేటప్పుడు ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి, ఆ నిలబెట్టిన మోకాలి మీద ఎడమ మోచేయి ఆనించి కూర్చునేది. కింద నిన్నటి దినపత్రిక పరిచి ఉండేది. ఆకులు చేటలోకి, కాడలు కాగితం మీదకి పడేవి. ఒక రోజు ఆ కాగితం సినిమా పేజీ అయింది. కాడలు పడుతున్న కొద్దీ హీరో గారి ముఖం మూతి నుంచి పైకి మెల్లగా కప్పుకుపోతూ, చివరికి కళ్లు మాత్రం మిగిలి, గోంగూర వనంలో దాక్కున్న గెరిల్లా యోధుడిలా అయ్యాడు. మా అమ్మ అతన్ని చూడనైనా చూడలేదు, ఆమె దృష్టి పుచ్చు ఆకు మీద ఉంది. అందులో నేను కల్పించవలసినదేమీ లేదు. ఇల్లు, సినిమా రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ కూర్చున్న తీరు సరిగ్గా రావడానికి మాత్రం నాకు పదకొండు కాగితాలు పట్టాయి.

ఇక మీ అమ్మాయి విషయం. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడాలి.

అమెరికాలో హాంక్ కెచమ్ అనే కార్టూనిస్టుకు డెనిస్ అనే నాలుగేళ్ల కొడుకు ఉండేవాడు. ఆ పిల్లవాడు చేసిన ఏదో అల్లరికి విసిగిపోయిన తల్లి, నీ కొడుకు ఒట్టి పీడ అని భర్తతో అన్నదట. ఆ మాటే కార్టూన్ పేరై, ఆ పిల్లవాడి పేరే పాత్ర పేరై, 1951 మార్చిలో పదహారు పత్రికల్లో ‘డెనిస్ ద మెనస్’ మొదలైంది. కాగితం మీది డెనిస్ ప్రపంచమంతా తిరిగాడు, ఎన్నటికీ పెద్దవాడు కాలేదు. ఇంట్లోని డెనిస్ మాత్రం పెద్దవాడయ్యాడు, తండ్రికి దూరమయ్యాడు, తన పేరును తండ్రి అలా వాడుకోవడం తనకు నచ్చలేదని తరవాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ దూరానికి కార్టూన్ ఒక్కటే కారణమని నేను అనను. అయితే తొమ్మిదో తరగతి అమ్మాయి నాలుగు రోజులు మాట్లాడలేదని మీరు రాసినది చదవగానే నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ కథే.

కెనడా కార్టూనిస్టు లిన్ జాన్‌స్టన్ 1979లో తన ఇంటినే ఆధారం చేసుకుని పత్రికల్లో రోజూ వచ్చే కార్టూన్ స్ట్రిప్ మొదలుపెట్టినప్పుడు, పిల్లలను వాడుక పేర్లతో కాకుండా వాళ్ల రెండో పేర్లతో పాత్రలను చేసింది. ఆ కొద్దిపాటి మరుగు ఆమెకు సరిపోయింది. మీకు అది కూడా సరిపోదు. ఎందుకో చెబుతాను. పత్రికలో మీ కార్టూన్ పడితే దానిని చదివే వేల మందికి ఆ అమ్మాయి ఎవరో తెలియదు, ఆమె ఏదో ఒక ఇంటి అమ్మాయి, చాలామందికి తమ ఇంటి అమ్మాయే. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే చూసేది వంద మందే కావచ్చు కానీ, ఆ వంద మందికీ ఆమె ఫలానా ఫ్లాటులో ఉండే, రేపు ఉదయం లిఫ్టులో ఎదురుపడే, తమ పిల్లలతో స్కూలు బస్సు ఎక్కే అమ్మాయి. పాత్ర పేరు మార్చినా, జడలు రెండు చేసినా, కళ్లద్దాలు పెట్టినా ఆ గ్రూపులో ఆమె ఆమే. చిన్న వేదిక కదా, మనవాళ్లే కదా అని మనం ధైర్యం చేస్తాం. ఇంటి కార్టూన్ విషయంలో ఆ చిన్న వేదికే ఎక్కువ ప్రమాదకరమైనది.

నేను ఈ మాట గట్టిగా చెప్పగలగడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మా మేనమామ అప్పు అడగడానికి వచ్చి, ఆ మాట చెప్పలేక మూడు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్లిపోయిన దృశ్యాన్ని కార్టూన్‌గా గీశాను. ఒక వారపత్రికలో అచ్చయింది, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ ఉత్సాహంలో దానిని కత్తిరించి బంధువుల పెళ్లిలో పది మందికి చూపించాను. ఆయన భోజనం చేయకుండా వెళ్లిపోయారు. బొమ్మ అదే, చూసినవాళ్లు వేరు. ఆ తరవాత ఆయన మా ఇంటికి వచ్చినన్నాళ్లూ మజ్జిగ అడగలేదు.

కాబట్టి ఆ కార్టూన్‌ను గ్రూపు నుంచి తీసివేయడం మీ వల్ల అయితే తీసివేయండి. చాలా రోజులైపోయి ఇప్పుడు అందరి దగ్గరా అది తొలగకపోతే, మీ అమ్మాయికి ఆ సంగతి నిజంగా చెప్పి క్షమాపణ అడగండి. ‘సరదాకే కదా’ అన్న మాట ఆ క్షమాపణలో రాకూడదు. ఇక మీదట ఎవరిని గీస్తే వాళ్లకే ముందు చూపించడం, చూపించిన తరవాత ఒక రాత్రి గడవనివ్వడం అలవాటు చేసుకోండి. చూపించగానే నవ్వినవాళ్లు తెల్లవారాక వద్దనడం నేను చాలాసార్లు చూశాను, ఆ రెండో మాటనే లెక్కలోకి తీసుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్ల విషయంలో మాత్రం ఆమె నోటితో సరే అన్నా నేను గ్రూపులో పెట్టను. తండ్రికి కాదని చెప్పడం అందరు పిల్లలకూ చేతకాదు.

దీనివల్ల మీకు ఒక పాత్ర పోయిందని అనుకుంటున్నారా? ఆ మార్కుల కార్టూన్‌నే మళ్ళీ ఆలోచించండి. పేపరు మీ ముందు బల్ల మీద ఉంది. పక్కన చల్లారిన టీ ఉంది. కోట్ల రూపాయల లెక్కలను పైసలతో సహా తెమిల్చే అకౌంట్స్ ఉద్యోగి ఆ తొమ్మిదో తరగతి లెక్కను తానే చేయబోయి, నాలుగు కాగితాలు ఉండచుట్టి పారేసి, గోడ గడియారంలో పదకొండు దాటినా జుట్టు పీక్కుంటున్నాడు. అమ్మాయి బొమ్మలో లేదు. ఆమె గది తలుపు మూసి ఉంది, బయట చెప్పులు ఉన్నాయి, తలుపు కింది సందులో నుంచి వెలుతురు వస్తోంది. ఆమె మిమ్మల్ని గీయనిచ్చేదాకా ఆ తలుపును అలాగే ఉంచండి. చెప్పులు మారుతాయి, తలుపు మీద అంటించిన స్టిక్కర్లు మారుతాయి, ఒక్కోసారి తలుపు బయట ఖాళీ పళ్లెం ఉంటుంది. ఆ వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ తలుపు ఉంటుంది కనుక మీ అమ్మాయి ముఖం లేకపోయినా చదివేవాళ్లకు ఆమె కనిపిస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఆ పన్నెండు బొమ్మల్లోనే గమనించాను. మీరు రెండింటిలోనే ఉన్నారు. ఆ రెండింటిలోనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొట్ట లేకుండా, పక్కన నిలబడి మాట విసిరేవాడిగా ఉన్నారు. ఇంట్లో అందరూ నవ్వులపాలవుతుంటే గీసేవాడొక్కడే మచ్చ లేకుండా మిగలడం ఇంటివాళ్లకు ముందుగా కనిపిస్తుంది, పాఠకుడికి కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ చొక్కా నలపండి. వారం మొత్తంలో మీరు ఇంట్లో ఓడిపోయిన సందర్భాలను ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. నెల తిరిగేసరికి కొరత అన్న మాట మీ నోట రాదు. ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో కూర్చునే చోటు దొరికిన రోజున అది రాసుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. చోటు దొరకని రోజున ఎదుటివాళ్ల నిలబడే తీరులు చూసుకోవచ్చు.

సినిమాల సంగతికి వస్తాను. ఇక్కడ మీకు సహజంగానే ఒక తెలివి ఉంది, అయితే అది ఎక్కడ పనిచేసిందో ఎక్కడ పనిచేయలేదో మీకు స్పష్టంగా తెలిసినట్టు లేదు. మునక్కాడల కార్టూన్ ఎందుకు పండిందో చూడండి. మీ నాన్నగారి భుజం వెనక నుంచి మునక్కాడలు వీరుడి అమ్ములపొదిలో బాణాల్లా లేచి ఉన్నాయి, పంచె గాలికి ఎగురుతోంది, కాలి చెప్పు నేలను తాకబోయే క్షణంలో ఆగింది. ఏ సినిమానో, ఏ హీరోనో మీరు చెప్పలేదు. తెలుగు సినిమా నాలుగు చూసిన వాళ్లెవరికైనా అది తెలుసు. ఒక్క సినిమా కూడా చూడని వాళ్లకైనా కూరలు బేరమాడి గెలిచి వస్తున్న పెద్దాయన ఠీవి తెలుసు. సినిమాను తీసేసినా బొమ్మలో మనిషి మిగులుతున్నాడు.

అదే, మీ శ్రీమతిని ఒక ఇటీవలి సినిమాలోని విలన్ వేషంలో గీసి, అతని డైలాగును ఉన్నదున్నట్టు ఆమె చేత చెప్పించిన కార్టూన్‌ను చూడండి. ఆ సినిమా ఆడుతున్న మూడు వారాలు గ్రూపులో నవ్వుల బొమ్మలు వచ్చి ఉంటాయి. ఇవాళ నేను చూస్తే, ఆ డైలాగు నాకు వెంటనే గుర్తు రాలేదు. సినిమాను తీసేస్తే అందులో మిగిలేది మళ్ళీ ఆ గరిటే. పైగా ఆ నవ్వు మీరు సంపాదించినది కాదు, డైలాగు రాసినాయన దగ్గర చేబదులు తెచ్చినది.

ముఖాలు, డైలాగులు అరువు తెచ్చుకోవడం కన్నా, ఆ మాధ్యమం కథ చెప్పే పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకోవడంలో ఎక్కువ సరుకు ఉంది. మీ అమ్మగారి సీరియళ్లనే తీసుకోండి. ఎవరో ఒక మాట అనగానే గదిలో ఉన్న ప్రతి ముఖం మీదికీ కెమెరా మూడేసి సార్లు దూసుకుపోవడం, ఉరుము శబ్దం, ఆ పైన ప్రకటనలు. ఇప్పుడు మీ ఇంట్లో ఒక మామూలు ఆదివారం, ‘ఉప్పు అయిపోయింది’ అన్న ఒక్క మాట మొదటి గడిలో పెట్టి, తరవాతి ఆరు గడుల్లో ఒక్క మాట లేకుండా మీ నాన్నగారి ముఖం మీదికి మూడుసార్లు, మీ ముఖం మీదికి మూడుసార్లు దూసుకుపోండి. చివరి గడిలో కొట్టుకు ఎవరు వెళ్లాలన్న ప్రశ్న గాలిలో ఉండగా ‘సశేషం’ అని రాయండి. మీ అమ్మగారిని వెక్కిరించే అవసరమే రాలేదు, పైగా ఆ పద్ధతి బాగా తెలిసినది ఆమెకే కనుక అందరికన్నా ముందు నవ్వేదీ ఆమే. క్రికెట్‌లో రివ్యూ అడిగే సైగ కూడా ఇలాంటిదే. మామిడికాయ పప్పులో టెంక ఎవరి వంతు అన్న తగవులో ఒకరు రెండు చేతులతో ‘టీ’ గుర్తు చూపిస్తే, మీ అమ్మగారు కళ్లద్దాలు సవరించుకుని గిన్నెను మూడు కోణాల నుంచి పరిశీలిస్తారు. ఏ జట్టు పేరూ, ఏ ఆటగాడి పేరూ అక్కరలేదు. పదేళ్ల తరవాత చూసినా అర్థమవుతుంది.

అలాగని నటుల ముఖాలు అసలే గీయకూడదని కాదు. చట్టం గురించి అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను, నేను న్యాయవాదిని కానని గుర్తుపెట్టుకోండి. ప్రముఖుల వ్యంగ్య చిత్రాలను, హాస్యానుకరణలను వాళ్ల వ్యక్తిత్వ హక్కుకు, అంటే తమ పేరు, రూపం మీద వాళ్లకుండే హక్కుకు, ఉల్లంఘనగా సాధారణంగా చూడకూడదన్న అభిప్రాయాన్ని, ఒక గాయకుడిని పోలిన ఆటబొమ్మల అమ్మకంపై వచ్చిన కేసులో 2010లో ఢిల్లీ హైకోర్టు వ్యక్తం చేసింది. అదే కోర్టు ఆ బొమ్మల అమ్మకాన్ని మాత్రం ఒప్పుకోలేదు. 2023లో ఒక హిందీ నటుడి కేసులో, అనుమతి లేకుండా ఆయన పేరును, రూపాన్ని, గొంతును వ్యాపారానికి వాడుకోవడాన్ని ఆపింది. వీటిని బట్టి మీరు తేల్చుకోవలసినది ఏమంటే, ఒక హీరోను హాస్యానికి గీయడం ఒక సంగతి, అదే బొమ్మను టీషర్టుల మీదా కప్పుల మీదా అచ్చువేసి అమ్మడం వేరే సంగతి. సినిమా పోస్టర్‌ను ట్రేస్ చేసి వాడడం ఇంకో సంగతి, దానికి 1957 కాపీరైటు చట్టం అడ్డు వస్తుంది. ఆ చట్టం మిమ్మల్నీ కాపాడుతుంది. మీరు సొంతంగా గీసిన బొమ్మ మీద హక్కు గీసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సంతకం పక్కన సంవత్సరం వేయడం మాత్రం మరవకండి. మీ పన్నెండింటిలో ఒక్కదాని మీద కూడా అది లేదు.

మాటల గురించి రెండు సంగతులు చెప్పాలి, ఒకటి యాసకు, ఒకటి రాతకు సంబంధించినది. మీ ఇంట్లో నల్లగొండ ఉంది, విజయవాడ ఉంది, హైదరాబాదులో పుట్టి హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడే అమ్మాయి ఉంది. అయినా మీ బెలూన్లలో, అంటే పాత్రల మాటలు రాసే బుడగల్లో, అందరూ పాఠ్యపుస్తకం మాట్లాడుతున్నారు. మీ అమ్మగారు ‘భోజనం చేశావా?’ అని అడుగుతారా? ‘తిన్నవా బిడ్డా?’ అంటారని నా నమ్మకం. ఆమె ఎలా అంటే అలాగే రాయండి. అయితే నవ్వు యాసలో నుంచి పుట్టకూడదు. ఒక మనిషి తెలంగాణ మాట మాట్లాడడమే హాస్యమన్నట్టు మన సినిమాలు చాలా కాలం నడిపించాయి, ఆ అలవాటును ఈ నగరంలో కూర్చుని మీరు కొనసాగించవలసిన అవసరం లేదు. మీ అమ్మగారి మాటలో పదును ఉంటుంది, ఆ పదునుకు మీరు దొరికిపోయిన సందర్భాన్ని గీయండి.

రాత విషయానికి వస్తే, మీ బెలూన్లు ఊపిరాడకుండా ఉన్నాయి. మీరు ముందు బొమ్మ గీసి, తరవాత బెలూన్ గీసి, చివర దానిలో మాటలు ఇరికిస్తున్నారని చూడగానే తెలుస్తోంది. కామిక్స్ నేర్పే ఇంగ్లీషు పుస్తకాలను అనుసరిస్తే ఇలాగే అవుతుంది. వాళ్ల పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి కనుక వరుసకీ వరుసకీ మధ్య కాస్త సందు చాలు. మనకు తల మీద గుడి, గుడిదీర్ఘం ఉంటాయి, కాళ్ల కింద వత్తులు ఉంటాయి. మీ కార్టూన్‌లో ఒక చోట ‘రాష్ట్రం’లోని వత్తులు దిగి వచ్చి కింది వరుసలోని ‘కీ’ నెత్తిన కూర్చున్నాయి, నేను ఆ మాటను రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది. హాస్యంలో రెండోసారి చదవడమంటే నవ్వు పోయినట్టే. ముందు మాటలు రాయండి, వరుసల మధ్య అక్షరం ఎత్తుకు దాదాపు సమానంగా సందు వదలండి, ఆ మాటల చుట్టూ బెలూన్ గీయండి, మిగిలిన చోటులో మనుషులను నిలబెట్టండి. కంప్యూటర్ ఫాంట్ కన్నా మీ చేతిరాతే నయం, అది వంకరగా ఉన్నా సరే. బాపు గారి చేతిరాత ఆయన గీతలో భాగమై, చివరికి అదే ఒక ఫాంట్‌గా మారి, ఇవాళ శుభలేఖల మీద కూడా కనిపిస్తోంది.

పత్రికలకు పంపే స్థాయి ఉందా అంటే, మునక్కాడలది ఉంది, మెట్రోలో నిద్రపోతూ పక్కవాడి భుజాన్ని ఫోన్ స్టాండుగా వాడుకున్న మనిషిది ఉంది, మిగిలిన పదీ ఇంకా లేవు. రెండు వందలు గీసినవాడికి ఇది చెడ్డ లెక్క కాదు. ఉద్యోగం చేసుకుంటూ గీసేవాణ్ణి కదా అన్న సంకోచం మీ ఉత్తరం నిండా ఉంది, అది అనవసరం. జయదేవ్ గారు చెన్నైలో జంతుశాస్త్రం పాఠాలు చెబుతూనే దశాబ్దాల పాటు గీశారు. విశాఖపట్నంలో రాగతి పండరి గారు పోలియో వల్ల స్వేచ్ఛగా తిరగలేకపోయినా, 2015లో మరణించేదాకా వేలాది కార్టూన్లు గీశారు. ఇంట్లో సరుకు అయిపోతుందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు ఆమెను తలచుకోండి. వీలైతే ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర పాత వారపత్రికలు దొరికితే నాలుగు తెచ్చుకుని, జోకులను వదిలేసి, నాలుగు గీతల్లో వరండాను ఎలా నిలబెట్టారో, మాట లేని కార్టూన్‌ను ఎలా నడిపారో చూడండి. గరిటెలను మాత్రం అక్కడే వదిలేసి రండి. పంపేటప్పుడు తెల్ల కాగితం మీద నల్ల ఇండియన్ ఇంకుతో గీసి, ఫోనుతో ఫొటో తీయకుండా 300 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేసి పంపండి. ఫోను నీడ పడిన బొమ్మను ఏ సంపాదకుడూ శుభ్రం చేసుకుంటూ కూర్చోడు.

ఆ మునక్కాడల కార్టూన్‌ను పంపే ముందు ఒకసారి మళ్ళీ గీయండి. నాన్నగారి వెనక లేస్తున్న దుమ్ము మేఘం ఎక్కువైంది, దానివల్ల మునక్కాడలు సరిగా కనిపించడం లేదు, సగానికి తగ్గించండి. అలా ఖాళీ అయిన కుడి పక్కన గేటు గీసి, గేటు దగ్గర మీ అమ్మగారిని నిలబెట్టండి. ఆమెకు మాట అక్కరలేదు. ఆమె చూపు హీరో మీద కాకుండా సంచి మీద ఉండాలి, కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటిగా మడుస్తూ మునక్కాడలు లెక్కపెడుతూ ఉండాలి.